మూడో వంతు నేల: పాత ఇంగ్లండ్‌లో వితంతువుల భూమి హక్కు

అందరికీ నమస్కారం. ఈరోజు ఐదు నుంచి ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఇంగ్లండ్‌కి వెళ్దాం. రాజులు, యుద్ధాలు కాదు, నాలుగైదు ఊళ్లలో మేనర్లు (పెద్ద ఇల్లు, దాని కింద పొలాలు ఉండే ఎస్టేట్లు) ఉండి కౌలు డబ్బుల మీద బతికే జెంట్రీ, అంటే చిన్న భూస్వాముల కుటుంబాల సంగతి, ఆ ఇంట్లో యజమాని చనిపోతే మర్నాటి నుంచి ఆయన భార్య ఏం తిని ఎక్కడ ఉండాలి అన్న సంగతి.

రూల్ పైకి చాలా సింపుల్. భర్త భూముల్లో మూడో వంతు భార్యకి, ఆమె బతికున్నంత కాలం. దీన్ని డవర్ అంటారు. మన వీలునామాల్లో "యావజ్జీవం అనుభవించి" అని రాస్తారు చూడండి, దాదాపు అలాంటిది, అమ్మడానికి లేదు, ఆమె తర్వాత భూమి భర్త వారసుడికే. కెంట్ ప్రాంతంలో అయితే సగం ఇచ్చేవాళ్లు, కానీ మళ్లీ పెళ్లి చేసుకుంటే అది పోయేది. నీ భార్యకి ఏం ఇస్తున్నావ్ అనేది పెళ్లిరోజే చర్చి గుమ్మం దగ్గర నలుగురి ముందు చెప్పించే ఆచారం కూడా ఉండేది, రేపు ఎవరూ మాట తిప్పకుండా.

1215 మాగ్నా కార్టా అంటే అందరికీ రాజు అధికారానికి కళ్లెం వేసిన పత్రంగానే గుర్తు, కానీ అందులో 7, 8 క్లాజులు వితంతువుల కోసమే. భర్త పోయాక 40 రోజులు ఆ ఇంట్లోనే ఉండొచ్చు, ఆలోపు ఆమె డవర్ ఆమెకి ఇచ్చేయాలి, ఇష్టం లేకుండా మళ్లీ పెళ్లి చేయకూడదు. ఈ చివరి మాట ఎందుకు అవసరమైందో చెప్పడానికి ఒక ఉదాహరణ, 1212లో ఒమాల్ కౌంటెస్ హావీస్ అనే గొప్పింటి ఆమె మూడోసారి వితంతువైనప్పుడు తన భూములు, డవర్ తన చేతికి రావడానికి, ఇంకో పెళ్లి చేయకుండా వదిలేయడానికి జాన్ రాజుకి 5,000 మార్కులు (అప్పటి డబ్బు లెక్క) కడతానని ఒప్పుకోవాల్సి వచ్చింది. అంటే 3,300 పౌండ్ల పైమాటే, ఆ రోజుల్లో చాలా పెద్ద సొమ్ము. 1217లో ఆ మాగ్నా కార్టానే మళ్లీ జారీ చేసినప్పుడు, భర్త బతికుండగా తన చేతిలో ఉన్న మొత్తం భూమిలో మూడో వంతు అని స్పష్టంగా రాశారు.

ఇక్కడే అసలు బలం ఉంది. భర్త మధ్యలో భార్యకి తెలియకుండా పొలం అమ్మేసినా ఆమె హక్కు పోదు, ఆయన పోయాక కొన్నవాడి మీద కేసు వేసి తన మూడో వంతు లాక్కోవచ్చు. అందుకే తెలివైన కొనుగోలుదారులు భార్యని కూడా కోర్టుకి రప్పించి, జడ్జి ఆమెని విడిగా కూర్చోబెట్టి నీకు ఇష్టమేనా అని అడిగాకే డబ్బులు ఇచ్చేవాళ్లు.

కానీ హక్కు ఉండటం వేరు, చేతికి రావడం వేరు. ఆ మూడో వంతు కొలిచి ఇవ్వాల్సింది వారసుడు, అంటే చాలాసార్లు కన్న కొడుకో, సవతి కొడుకో. ఇవ్వకపోతే రిట్, అంటే రాజు పేరున వచ్చే ఆదేశం తెచ్చుకోవాలి, తర్వాత ఆ ప్రాంతంలో రాజు అధికారి అయిన షెరీఫ్ వచ్చి ఈ గది, ఈ చేను, మిల్లు ఆదాయంలో మూడో వంతు అని విడదీయాలి. 1236లో మెర్టన్ చట్టం, అలా ఆపినవాళ్లు నష్టపరిహారం కట్టాలని చెప్పింది, అంటే ఎంతమంది ఆపేవాళ్లో ఆలోచించండి. పైగా 1285 చట్టం ప్రకారం భార్య వేరే మగాడితో వెళ్లిపోతే, భర్త మళ్లీ మనస్ఫూర్తిగా ఏలుకుంటే తప్ప, డవర్ మొత్తం పోయేది.

అదే భార్య ముందు పోతే? ఆమె పుట్టింటి భూమి మూడో వంతు కాదు, మొత్తం భర్తకే, ఆయన బతికున్నంత కాలం. షరతు ఒక్కటే, వాళ్లకి బిడ్డ ప్రాణంతో పుట్టి ఉండాలి, ఆ ఏడుపు నాలుగు గోడల మధ్య వినిపించి ఉండాలి. బిడ్డ గంటలో పోయినా సరే. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపులో తిప్పుతుంది.

తర్వాత తర్వాత భర్తలు ఇంకో దారి కనిపెట్టారు, భూమిని నమ్మకస్తుల పేరున పెట్టేయడం. కాగితం మీద భూమి ఆయనది కాదు కాబట్టి డవర్ లేదు. అందుకని ఆడపిల్ల తరఫువాళ్లు పెళ్లి బేరంలోనే జాయించర్ అడగడం మొదలుపెట్టారు, అంటే కొంత భూమి ఇద్దరి పేరునా కలిపి రాయించడం. భర్త పోతే ఎవరినీ అడగక్కర్లేదు, అప్పటికే అది ఆమెది.

నార్ఫోక్‌లో ఆగ్నెస్ పాస్టన్‌ది అదే కథ. 1420లో లాయర్ విలియం పాస్టన్‌ని చేసుకుంది, ఆయన తర్వాత జడ్జి అయ్యాడు, ఆక్స్‌నెడ్ మేనర్ ఆమె జాయించర్. మార్లింగ్‌ఫర్డ్ లాంటి మేనర్లు ఆమె తండ్రి నుంచి వచ్చాయి. 1444లో విలియం పోయాడు, చిన్న కొడుకులకి ఆస్తి ఇవ్వాలన్న ఆయన చివరి కోరిక పెద్దకొడుకు జాన్‌కి నచ్చలేదు, తల్లీకొడుకుల మధ్య అక్కడే బెడిసింది. కొన్ని నెలలకే ఆమె ఇంకో కొడుకు ఎడ్మండ్‌కి ఉత్తరం రాసింది, లా చదువు, పాస్టన్ ఊళ్లో ఉండేవాడికి తనని తాను కాపాడుకోవడం తెలియాలి అని మీ నాన్న చాలాసార్లు అనేవాడు అని. భర్త పోయిన దుఃఖంలో ఉన్న మనిషి రాసిన మాట అది.

ఆమె ఇంకో 35 ఏళ్లు బతికింది. ఆగ్నెస్ చేతిలో ఉన్న ఆ భూములు తన చేతికి రాకుండానే పెద్దకొడుకు జాన్ 1466లో పోయాడు. ఆయన భార్య మార్గరెట్ కూడా వితంతువైంది, ఆమెకి పుట్టింటి మాట్బీ మేనర్ ఉంది కాబట్టి నిలబడింది. ఒకే ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరు వితంతువులు, ఇద్దరి చేతిలోనూ భూమి, మధ్యలో మనవడు ఇంకో జాన్‌కి ఎప్పుడూ డబ్బు కటకటే. 1479 ఆగస్టులో ఆగ్నెస్ పోయింది, నవంబర్‌లో ఆ మనవడూ పోయాడు. మార్లింగ్‌ఫర్డ్ నాదంటే నాదని ఆగ్నెస్ ఇంకో కొడుకు విలియం, మిగిలిన మనవడు కొట్లాటకి దిగారు.