కార్బొనేట్ చేసిన నీళ్ళలో కార్బొనేట్ ఉంటుందా? రెండు నెలలు వాడిన సోడా మిషన్ రివ్యూ

నమస్తే అండి. వెనకాల ఫ్యాన్ చప్పుడు వినిపిస్తే ఏమీ అనుకోకండి. చెన్నైలో మే నెల, ఫ్యాన్ ఆపి వీడియో తీసేంత ధైర్యం నాకు లేదు. ఇది పెరంబూరులో మా వంటిల్లు. గట్టు మీద కనిపిస్తున్న నల్లటి మిషన్ సోడా మేకర్, కొని రెండు నెలలైంది. పేరు మీద టేపు అంటించాను. ఈ రకం మిషన్లన్నీ పనిచేసే తీరు ఒకటే కాబట్టి, నేను చెప్పేది మీరు ఏ కంపెనీది కొన్నా పనికొస్తుంది.

మామూలుగా అయితే డబ్బా విప్పడంతో మొదలుపెట్టేవాణ్ణి. ఈసారి మా అమ్మ అడ్డం పడింది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 'కార్బొనేట్' అని ఉంది. అమ్మ కళ్ళజోడు సర్దుకుని అది చదివి, లోపలికెళ్ళి తన మాత్రల షీటు తెచ్చింది. దాని వెనక 'కాల్షియం కార్బొనేట్ 1250 మి.గ్రా.' అని ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి, "ఇదీ అదీ ఒకటేనా నాయనా? ఒకటే అయితే రోజూ ఓ గ్లాసు సోడా తాగి మాత్ర మానేస్తా. సుద్దముక్కలా ఉంటుంది, గొంతు దిగదు" అంది. నేను నవ్వాను. నవ్వడం అయ్యాక చూసుకుంటే నాకూ సరైన జవాబు తెలియదు. ఇంజనీరింగ్ మొదటి ఏడు కెమిస్ట్రీ పాసైనవాణ్ణి, సిగ్గుపడాలి. అందుకని ఈ వీడియోలో సగం మిషన్ రివ్యూ, సగం ఆ మాట రివ్యూ.

ముందు మాట సంగతి చూద్దాం. డబ్బా మీద ఉన్నది చేసే పని. నీళ్ళలోకి ఒత్తిడితో గ్యాస్ ఎక్కించడాన్ని ఇంగ్లీషులో కార్బొనేట్ చేయడం అంటారు. ఆ గ్యాస్ కార్బన్ డయాక్సైడ్. మా తాతయ్య దాన్ని 'బొగ్గుపులుసు గాలి' అనేవాడు, వాళ్ళ పాఠాల్లో అలాగే ఉండేదట. చిన్నప్పుడు ఆ పేరు విని పగలబడి నవ్వేవాళ్ళం. ఇప్పుడు చూస్తే అంతకన్నా మంచి పేరు లేదనిపిస్తుంది. లాటిన్‌లో కార్బో అంటే బొగ్గే. ఇక పులుసు అంటారా, ఈ గ్యాస్ నీళ్ళలో కరిగితే అందులో కొద్ది భాగం కార్బొనిక్ ఆమ్లంగా మారుతుంది. సోడా తాగితే నాలుక చురుక్కుమనేది చాలావరకు ఆ పులుపువల్లే, బుడగలు పగలడంవల్ల కాదు.

మాత్ర మీద ఉన్నది ఒక పదార్థం పేరు. ఆ ఆమ్లం తన దగ్గరున్న రెండు హైడ్రోజన్లనూ వదిలేశాక మిగిలేదే కార్బొనేట్: ఒక కార్బన్, చుట్టూ మూడు ఆక్సిజన్లు, మొత్తం మీద రెండు రుణావేశాలు. అది కాల్షియంతో జతకడితే కాల్షియం కార్బొనేట్, సోడియంతో అయితే సోడియం కార్బొనేట్. ఈ పేర్లు పెట్టే పద్ధతి 1787లో ఫ్రాన్స్‌లో లావోజియే అనే రసాయన శాస్త్రవేత్త, ఆయనతోపాటు మరో ముగ్గురు కలిసి తెచ్చింది. సల్ఫ్యూరిక్ ఆమ్లం లవణం సల్ఫేట్, నైట్రిక్‌ది నైట్రేట్, కార్బొనిక్‌ది కార్బొనేట్. స్కూల్లో ఈ ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే నాకు సగం బట్టీ తప్పేది.

ఇప్పుడు అసలు సంగతి. కార్బొనేట్ చేసిన నీళ్ళలో కార్బొనేట్ దాదాపు ఉండదు! అవునండి, నేనూ రెండుసార్లు సరిచూసుకున్నాను. సోడా పుల్లటిది, దాని పీహెచ్ సుమారు 4. పీహెచ్ అంటే పులుపును కొలిచే అంకె, 7 కన్నా తగ్గేకొద్దీ పులుపు, పెరిగేకొద్దీ దానికి వ్యతిరేకమైన క్షారం. కార్బొనేట్ నిలబడాలంటే నీళ్ళు బాగా క్షారంగా ఉండాలి, పీహెచ్ 10 దాటాలి. పులుపులో దానికి చోటు లేదు, పుట్టిన వెంటనే హైడ్రోజన్‌ను పట్టుకుని వేరే రూపంలోకి వెళ్ళిపోతుంది. కాల్షియం మాటంటారా, మిషన్ అసలు కలపనే కలపదు. కాబట్టి అమ్మా, మాత్ర వేసుకోవాల్సిందే.

సరే, మిషన్. లోపల మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు. వెనక ఒక స్టీలు సిలిండర్, అందులో సుమారు 400 గ్రాముల గ్యాస్. ముందు బాటిల్ బిగించి పైన మీట నొక్కితే గ్యాస్ నీళ్ళలోకి దిగుతుంది, ఒత్తిడి మితిమీరితే కుక్కర్‌లా ఓ కూత వేస్తుంది. అంతే కథ. నేను చేసిన పరీక్ష ఒక్కటే, వంటింటి తూకం మిషన్‌తో. మొదట క్యాన్ నీళ్ళు అలాగే నింపి మూడుసార్లు నొక్కాను, బాటిల్ బరువు 3 గ్రాములు పెరిగింది. తర్వాత రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్ళతో అవే మూడు నొక్కులు, ఈసారి 6 గ్రాములు. రుచిలో తేడా చెప్పక్కర్లేదు. మొదటిది నీరసంగా ఉంది, రెండోది ముక్కులోకి కొట్టింది.

కారణం చిన్నదే. నీళ్ళు చల్లబడేకొద్దీ గ్యాస్ ఎక్కువ కరుగుతుంది. మామూలు గాలి ఒత్తిడి దగ్గర లీటరు నీళ్ళు 20 డిగ్రీల్లో ఈ గ్యాస్‌ను సుమారు 1.7 గ్రాములు పట్టుకుంటే, సున్నా డిగ్రీల్లో దాదాపు దానికి రెట్టింపు పట్టుకుంటాయి. ఒత్తిడి పెంచితే అదే లెక్కన ఇంకా కరుగుతుంది. ఈ రెండో సంగతి 1803లో విలియం హెన్రీ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త చెప్పాడు. మే నెలలో మా ట్యాంకు నీళ్ళతో స్నానానికి గీజరే అక్కర్లేదు, అలాంటి నీళ్ళతో సోడా చేయబోతే సగం గ్యాస్ కూతతోనే పోతుంది. సిలిండర్ డబ్బా మీద 60 లీటర్లు వస్తాయని ఉంది, నాకు వచ్చింది 41 బాటిళ్ళు. మొదటి వారం వృథా చేసింది నేనేనని ఒప్పుకుంటున్నాను. ఖాళీ సిలిండర్ మార్చి ఇవ్వడానికి పదకొండు రోజులు పట్టింది, అది మాత్రం నా తప్పు కాదు.

సోడాలో తినే సోడా కలుపుతారా అని కూడా అమ్మ అడిగింది. ఈ మిషన్‌లో లేదు. కానీ ఆ అనుమానం ఊరికే వచ్చింది కాదు. సోడా వాటర్ అనే పేరు రావడానికి కారణమే తొలిరోజుల్లో అందులో సోడియం ఉప్పు కలపడం. దానికంటే ముందు ఇంగ్లండ్‌లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే శాస్త్రవేత్త ఉన్నాడు. 1767లో లీడ్స్‌లో ఆయన ఇంటి పక్కనే బీరు బట్టీ ఉండేది. పులుస్తున్న తొట్టె పైన తేలే గ్యాస్‌ను నీళ్ళలోకి ఎక్కించి చూశాడు. 1772లో ఆ పద్ధతిని చిన్న పుస్తకంగా వేశాడు. అందులో ఆయన గ్యాస్ పుట్టించింది దేనితోననుకున్నారు? సుద్ద మీద గంధకామ్లం, అంటే సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి. సుద్ద అంటే కాల్షియం కార్బొనేట్, అమ్మ మాత్రలో ఉన్నదే. అంటే నీళ్ళకు గ్యాస్ పట్టించే విద్యను జనానికి నేర్పిన పుస్తకంలో ఆ గ్యాస్ వచ్చింది కార్బొనేట్ నుంచే. ఇది తెలిశాక అమ్మ వైపు చూడాలంటే కాస్త మొహమాటం వేసింది.

ఇప్పుడు ఈ వీడియోలో నాకు బాగా నచ్చిన ముక్క. కెమెరా దగ్గరికి జరుపుతున్నా. ఇది అమ్మ తాంబూలం డబ్బాలోని సున్నం. నిన్న రాత్రి చిటికెడు సున్నం గ్లాసు నీళ్ళలో కలిపి కదపకుండా ఉంచాను. పైకి తేరిన ఈ నీళ్ళు సున్నపుతేట. చిన్నపిల్లలుంటే దూరంగా ఉంచండి, సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం. కొంచెం తేట ఇందులో పోశాను. ఇప్పుడు సోడా, చెంచా చెంచాగా... చూశారా, పాలలా తెల్లబడింది. సోడాలో లేదన్న కార్బొనేట్ ఇదిగో, మీ కళ్ళ ముందే పుట్టింది. తేట క్షారం కాబట్టి ఆమ్లం తన హైడ్రోజన్లు వదిలేసి కాల్షియంతో జతకట్టింది. ఆగకుండా సోడా పోస్తూనే ఉంటాను. మూడొంతులు, నాలుగొంతులు... తెలుపు విరిగి, మళ్ళీ తేటపడింది. కార్బొనేట్ ఇప్పుడు ఒక హైడ్రోజన్‌ను పట్టుకుని, నీళ్ళలో కరిగే బైకార్బొనేట్ అయింది. ఇదే నీళ్ళను గిన్నెలో మరిగిస్తే గ్యాస్ పోయి మళ్ళీ తెల్లపొడి మిగులుతుంది.

ఈ పొడిని మీరెక్కడో చూసే ఉంటారు. మా బోరు నీళ్ళు కాచే గిన్నె అడుగున, గీజరు లోపల, కుళాయి చివర ఉండే ఆ తెల్లటి పొరలో చాలావరకు ఇదే. వెనిగర్ పోసి గంటసేపు ఉంచితే వదిలిపోతుంది. నంద్యాల జిల్లా బెలుం గుహల్లో, అరకు దారిలోని బొర్రా గుహల్లో జరిగిందీ ఇదే, కాకపోతే వేల లక్షల ఏళ్ళు పట్టింది. వాన నీరు మట్టిలోంచి గ్యాస్ పట్టుకుని సున్నపురాయిని కరిగించుకుంటూ పోయింది, చుక్కలుగా రాలేచోట రాయిని మళ్ళీ పేర్చింది. మనం గ్లాసులో చేసిన పనినే కొండ లోపల తీరిగ్గా చేసిందన్నమాట.

మా గట్టు బండ కూడా అదే జాతి. చెన్నైలో చాలా ఇళ్ళల్లో వంటగట్టుకు కడప బండ వేస్తారు, అదీ సున్నపురాయే. ఇక్కడ గుండ్రంగా వెలిసిన మచ్చ చూడండి, నిమ్మచెక్క బోర్లించి మర్చిపోయిన చోటు. ఎంత తోమినా పోదు, ఎందుకంటే మరక కాదు అది, బండే కరిగింది. కోడిగుడ్డు పెంకు మీద నిమ్మరసం పిండినా బుస్సుమని నురగ వస్తుంది. బడిలో వాడే సుద్దముక్క మీద పిండాను, ఏమీ రాలేదు. మన దగ్గర ఆ సుద్దలు ఎక్కువగా జిప్సంతో చేస్తారు, అది సల్ఫేట్.

మిగతా ఉపయోగాలు గబగబా చెప్పేస్తాను. బట్టల సోడా అంటే సోడియం కార్బొనేట్, ఉప్పు నీళ్ళలోని కాల్షియాన్ని పట్టి అడుగుకు దింపుతుంది, అప్పుడు సబ్బు నురగ వస్తుంది. తినే సోడా బైకార్బొనేట్. రెండూ తెల్లగానే ఉంటాయి కాబట్టి డబ్బాల మీద పేర్లు రాసుకోండి, బట్టల సోడా బజ్జీల పిండిలో పడకూడదు. గాజుకు ఇసుకతోపాటు సోడియం కార్బొనేట్, సున్నపురాయి కావాలి. సేలం దగ్గర తవ్వే మాగ్నసైట్ మెగ్నీషియం కార్బొనేట్, ఉక్కు కొలిమి లోపలి ఇటుకలకు వెళ్తుంది. లిథియం కార్బొనేట్ బ్యాటరీల తయారీకీ వాడతారు, బైపోలార్ జబ్బుకు మందుగా కూడా ఇస్తారు. హెల్మెట్ ముందుండే అద్దం పాలికార్బొనేట్, అందులో ఈ మూడు ఆక్సిజన్ల ముక్కే గొలుసులో లంకెలా ఉంటుంది.

సున్నం దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇది మద్రాసు. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని బట్టీలో పూర్తిగా కాలిస్తే 44 కిలోల గ్యాస్ గాల్లోకి పోయి 56 కిలోల సున్నం మిగులుతుంది. సిమెంటు బట్టీలో కూడా ఇదే గ్యాస్ లేస్తుంది. ఆ సున్నాన్ని నీళ్ళతో విరిచి గోడకు పూస్తే, పోయిన గ్యాస్‌ను గాలిలోంచి మెల్లగా వెనక్కి లాక్కుని మళ్ళీ రాయవుతుంది. సముద్రపు గవ్వలు, ఆల్చిప్పలు కాల్చి చేసిన 'మద్రాసు చునాం' పూతను పాలరాయిలా మెరిసేదాకా రుద్దేవారు. పాత బంగళాల మీద దానికి ఎంతో పేరు. ఇదే పని కాంక్రీటు పిల్లర్‌లో జరిగితే మాత్రం చిక్కు. దాన్నీ కార్బొనేషన్ అనే అంటారు సివిల్ ఇంజనీర్లు. కాంక్రీటులోని క్షారం తగ్గిపోయి లోపలి ఇనుము తుప్పు పడుతుంది. అంటే అదే మాటతో చెప్పినా, గోడలో నిజంగానే కార్బొనేట్ పుడుతుంది, బాటిల్‌లో పుట్టదు!

ఇక గోలీసోడాతో పోటీ పెట్టకపోతే ఈ ఊళ్ళో ఉండనివ్వరు. ఆ సీసాకు 1872లో హైరం కాడ్ అనే ఇంగ్లీషాయన పేటెంటు తీసుకున్నాడు. లోపలి గ్యాసే గోలీని రబ్బరు రింగుకు అదిమి మూత వేస్తుంది. గోలీని వేలితో లోపలికి తోసినప్పుడు వచ్చే ఆ చప్పుడు నా మిషన్ ఎంత కూసినా రాదు. నన్నారి సోడా, అంటే మన సుగంధి, ఇంట్లో బాగానే కుదిరింది. పన్నీర్ సోడా కూడా. హైదరాబాదు చుట్టాలు కంగారుపడకండి, ఇక్కడ పన్నీర్ అంటే గులాబీ నీళ్ళు. గుర్తుంచుకోండి, సిరప్ ఎప్పుడూ సోడా అయ్యాకే కలపాలి. నేను ముందే కలిపి మీట నొక్కాను, సీలింగ్ మీద ఆ గులాబీ మచ్చ అదే.

మరి కొనొచ్చా? ఇంట్లో రోజుకో బాటిల్ తాగేవాళ్ళుంటే, ఫ్రిజ్‌లో నీళ్ళు పెట్టే ఓపిక ఉంటే కొనండి. సిలిండర్ ఖర్చు లెక్కేస్తే బాటిల్‌కు కొట్టు సోడా ధరకు దగ్గరగానే పడింది, డబ్బు మిగులుతుందని మాత్రం కొనకండి. ప్లాస్టిక్ బాటిల్ మీద గడువు తేదీ ఉంటుంది, అది దాటాక వాడొద్దు, ఒత్తిడికి పగలొచ్చు. కొనేముందు మీ పేటలో సిలిండర్ ఎవరు మార్చిస్తారో కనుక్కోండి.

అమ్మ మాత్ర సంగతి మిగిలింది. 1250 మిల్లీగ్రాముల కార్బొనేట్‌లో కాల్షియం 500 మిల్లీగ్రాములే, మిగతాది ఆ కార్బన్, ఆక్సిజన్ల బరువు. కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి కాబట్టి దీన్ని అన్నంతోనో అన్నం తిన్న వెంటనేనో వేసుకోమంటారు. మీకు ఎంత, ఎప్పుడు అన్నది మీ డాక్టర్‌ను అడగండి. ఇదిగో, భోజనం అయినట్టుంది, లోపల్నుంచి పిలుస్తోంది. మాత్ర మంచినీళ్ళతో కాదు, సోడాతో మింగుతుందట. ఉండండి అమ్మా, వస్తున్నా.