చెక్క పలక మీద కెమెరా

శ్రోతలకు నమస్కారం.

విజయవాడ గాంధీనగర్‌లో సినిమా పంపిణీ ఆఫీసుల మెట్లెక్కిన కొత్త దర్శకుడికి ఎదురయ్యే మొదటి ప్రశ్న పెట్టుబడి గురించే. అమెరికాలోని మిషిగన్ కుర్రాడు శామ్ రైమీకీ అదే ఎదురైంది. 1978లో స్నేహితులతో కలిసి ఇళ్లలో వాడే చిన్న ఫిల్ము కెమెరాతో అరగంట భయానక చిత్రం తీశారు. దాన్ని డాక్టర్లకు, లాయర్లకు, వ్యాపారులకు చూపించి చందాలు పోగుచేసినట్టు పెట్టుబడి పోగుచేశారు. ఆ డబ్బుతో టెనెసీ అడవిలో, ఒక పాత కొయ్య ఇంట్లో తీసిన సినిమాయే 1981లో వచ్చిన 'ది ఈవిల్ డెడ్'.

మన బెజవాడ, గుంటూరు కాలేజీల్లో లఘుచిత్రాలు తీస్తున్న పిల్లలకు అందులోని ఒక సంగతి తప్పక చెప్పాలి. కుదుపు లేకుండా కెమెరాను నడిపే ఖరీదైన పరికరం వాళ్ల దగ్గర లేదు. పొడవాటి చెక్క పలక మధ్యలో కెమెరా బిగించి, చెరో కొస ఇద్దరు పట్టుకుని అడవిలో పరుగెత్తారు. నేలను రాసుకుంటూ, పొదలను చీల్చుకుంటూ ఏదో ఆ ఇంటి మీదికి దూసుకొస్తుంది. దాని రూపం మనకు కనిపించదు, దాని కళ్లతోనే మనం చూస్తాం. నేనెరిగిన భయానక చిత్రాల్లో ఇంత గొప్ప ఎత్తుగడ మరొకటి లేదు.

సాహస వీరుల బొమ్మల కథలంటే రైమీకి ప్రాణం. కోరుకున్న పాత కథ హక్కులు దొరక్కపోతే, ముఖం కాలిపోయిన శాస్త్రవేత్తను తానే సృష్టించి 1990లో 'డార్క్‌మ్యాన్' తీశారు. ఆయనే తీసిన 2002 నాటి 'స్పైడర్‌మ్యాన్' ఘనవిజయం అందరికీ తెలిసిందే.

నాకు ప్రాణప్రదమైనది మాత్రం 2004లో వచ్చిన రెండో భాగంలోని ఆసుపత్రి ఘట్టం. స్పృహలేని విలన్ డాక్టర్ ఆక్టోపస్ వీపుకు అతుక్కున్న ఇనుప చేతులను కోసెయ్యడానికి వైద్యులు రంపం ఆన్ చేస్తారు. ఆ చేతులు ఒక్కసారిగా మేల్కొంటాయి. నేపథ్య సంగీతం ఉండదు. కేకలు, లోహపు చప్పుడు, ఈడ్చుకుపోతుంటే నేలను గీరే గోళ్ల శబ్దం, అంతే. రేడియో వినే మనకు వేరే చెప్పాలా, చెవి ఎంత భయపెట్టగలదో! పిల్లలు చూసే సినిమాలో ఇలాంటి ఘట్టం పెట్టడానికి గుండె కావాలి.

'స్పైడర్‌మ్యాన్' నాలుగో భాగం 2010లో ఆగిపోయింది. చాలాకాలం తర్వాత, 2022లో, రైమీ మళ్లీ మార్వెల్ అనే సంస్థ బొమ్మల కథల వీరులతో ఒక చిత్రం తీశారు. అందులో మాంత్రిక వీరుడు డాక్టర్ స్ట్రేంజ్ మరో లోకంలోని తన ప్రతిరూపం శవంలోకే ప్రవేశించి, కుళ్లిన ముఖంతో, ప్రేతాత్మలను కండువాలా కప్పుకుని యుద్ధానికి వెళతాడు. అంత పెద్ద స్టూడియో చేత ఆ ఘట్టానికి ఒప్పించినందుకు ఆయనకు నా నమస్సులు.