గోటితో గీయండి, నిమ్మరసం పిండండి: జిప్సంపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం, తిరుపతి స్టూడియో నుంచి. వేరుశెనగ రైతులు పొలానికి కాల్షియం కోసం వేసే మెత్తటి ఖనిజం, జిప్సంను ఎలా గుర్తుపట్టాలో చెప్పడానికి భూగర్భ శాస్త్రం సార్ వచ్చారు. పీలేరు నుంచి ఫోన్... చెప్పండి.

కాలర్: నమస్తే సార్. నేను తెచ్చిన జిప్సం తెల్లగా లేదు, బూడిద రంగులో ఉంది. కల్తీనా?

సార్: రంగు చూసి నమ్మకండి, రంగు చూసి పారేయకండి. మట్టి కలిస్తే జిప్సం రంగు మారుతుంది. గడ్డలుంటే ఒకదాన్ని గోటితో గీయండి, గీత పడాలి. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ కొలతలో జిప్సం 2, గోరు సుమారు 2.5, సున్నపురాయి 3. పొడి అయితే చెంచాడు గ్లాసులో వేసి నిమ్మరసం పిండండి. బుడగలు పొంగితే సున్నపురాయి పొడి కలిసినట్టే.

కాలర్: ఎకరాకు ఎంత సార్?

సార్: 200 కిలోలు. విత్తిన 40, 45 రోజులకు మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయండి. కాయ తనకు కావలసిన కాల్షియంను చుట్టూ ఉన్న మట్టి నుంచే తీసుకుంటుంది. అది అందకపోతే తాలు కాయలే.

యాంకర్: థాంక్యూ. పలమనేరు నుంచి ఇంకొకరు.

కాలర్: సార్, మా నాయన బోరు వేయించినప్పుడు కూడా ఇట్లాంటిదే... అది పక్కన పెట్టండి. పోయిన వారం గట్టు కింద దున్నుతుంటే అద్దం మాదిరి రాయి దొరికింది. పొరలు పొరలుగా ఊడొస్తాంది. మా బావ జిప్సం అంటాడు, దుకాణంలో కొనేది ఎందుకు అంటాడు. నాకేమో టెన్షన్. జిప్సమేనా సార్?

సార్: ఇప్పుడు దగ్గరుందా?

కాలర్: చేతిలోనే ఉంది.

సార్: పలచటి పొర ఒకటి తీసి మెల్లగా వంచండి. వంచారా? వదలండి.

కాలర్: మళ్లీ తిన్నగా అయిపోయింది సార్.

సార్: అభ్రకం. జిప్సం పొర అయితే వంచినాక వంగినట్టే ఉండిపోతుంది, వెనక్కి లేవదు.

కాలర్: గోటితో కొంచెం గీత పడింది సార్, జిప్సమే కదా?

సార్: అభ్రకం కూడా మెత్తనిదే, అందుకే ఒక్క పరీక్షతో ఆగకూడదు. జిప్సం ఉప్పునీళ్లు ఎండిపోయిన చోట పేరుకుంటుంది. మన దేశంలో ఎక్కువగా రాజస్థాన్‌లో, నాగౌర్, బికనేర్ వైపు తవ్వుతారు. మీది గ్రానైటు నేల, అలాంటి చోటు కాదు.

కాలర్: నాలుకతో కూడా చూసినా సార్, రుచే లేదు...

సార్: నోట్లో పెట్టకండి నాయనా! ఏ రాయైనా సరే, నోట్లో పెట్టొద్దు.

కాలర్: సరే సార్. పొలంలో చల్లితే?

సార్: లాభం లేదు. మీ కాయకు కావలసిన కాల్షియం అందులో లేదు.

యాంకర్: థాంక్యూ అండి. చంద్రగిరి నుంచి అమ్మ...

కాలర్: చెంచా జిప్సం గ్లాసు నీళ్లలో గంట కలిపినా కరగలేదు సార్. మోసపోయినామా?

సార్: లేదమ్మా. లీటరు నీళ్లలో 2 గ్రాములు, కాస్త ఎక్కువ, అంతే కరుగుతుంది. అడుగున మిగలాల్సిందే. మొత్తం ఇట్టే కరిగిపోతే అప్పుడు అనుమానించండి. కానీ రుచి మాత్రం చూడకండి!

కాలర్: మరి మా చౌడు నేలకు...

సార్: ముందు భూసార పరీక్ష చేయించండమ్మా. ఎంత వేయాలో ఆ రిపోర్టును బట్టే...

యాంకర్: లైన్ కట్ అయింది. సమయం కూడా అయిపోయింది. సార్, ధన్యవాదాలు.