మూడు ముళ్ళు, మూడు కేసులు

అందరికీ నమస్కారం. ఈ సభ కరపత్రంలో "కుటుంబ చట్టాలపై అవగాహన" అని వేశారు. విడాకులు అని వేస్తే ఎవరూ రారేమోనని నిర్వాహకులు జంకారట. తీరా చూస్తే కుర్చీలు చాలక వెనక నిలబడ్డారు. నా ఆఫీసుకి వచ్చేవాళ్ళూ ఇంతే, తమ గురించి కాదని ముందే చెప్పేస్తారు. "మా తోటికోడలి చెల్లెలి కూతురికి మేడమ్" అంటారు. సరే, ఆ అమ్మాయి కోసమే మాట్లాడుకుందాం.

ఇరవై ఏళ్ళకు పైబడి ఫ్యామిలీ కోర్టులో వకాల్తాలు వేస్తున్నాను. కుర్చీలో కుదురుకోకముందే నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "విడాకులైతే ఆస్తిలో సగం వస్తుందట కదా?" అమ్మాయి తరఫువాళ్ళు ఆశగా అడుగుతారు, అబ్బాయి తరఫువాళ్ళు హడలిపోతూ అడుగుతారు. ఇద్దరికీ నా జవాబు ఒకటే. రాదు.

హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవండి, భర్త కొన్న ఇంట్లో భార్యకు సగం అని ఎక్కడా ఉండదు. పెళ్ళయ్యాక కూడబెట్టింది ఇద్దరిదీ అనే పద్ధతి మన దేశంలో గోవాలో ఉంది, అది పోర్చుగీసువాళ్ళ నాటి సివిల్ కోడ్ నుంచి మిగిలింది. మిగతాచోట్ల దస్తావేజు మీద ఎవరి పేరుంటే ఆస్తి వాళ్ళది. ఇద్దరి పేరునా రిజిస్టరు చేయించుకుంటే ఇద్దరిదీ.

వినడానికి ఇది సాఫీగానే ఉంటుంది. కాపురంలో ఏం జరుగుతుందో చూడండి. ఇద్దరూ ఉద్యోగస్తులే. ఆయన జీతం ఇంటి ఇఎంఐకి పోతుంది. ఆమె జీతం పాలకి, కూరగాయలకి, స్కూలు ఫీజులకి, అత్తగారి మందులకి పోతుంది. పన్నెండేళ్ళ తర్వాత తగువొస్తే ఆయన దగ్గర బ్యాంకు స్టేట్‌మెంటు ఉంటుంది, ఇల్లు ఉంటుంది. ఆమె దగ్గర ఏముంటుంది? కొత్తిమీర కట్టకి ఎవరైనా రసీదు దాచుకుంటారా? ఇక ఉద్యోగం లేని ఇల్లాలి సంగతి చెప్పేదేముంది. నన్నడిగితే మన కుటుంబ చట్టంలో ఇంతకు మించిన లోటు లేదు. దీన్ని కొంతైనా పూడ్చడానికి, భర్త స్థిరాస్తిని లెక్కలోకి తీసుకుని భార్యకు పరిహారం ఇప్పించే బిల్లు ఒకటి 2013లో రాజ్యసభ దాటింది. లోక్‌సభ గడువు ముగియడంతో అది మురిగిపోయింది.

ఇక్కడ ఒకరైనా లేచి "ఎన్టీఆర్ ఆడపిల్లకి ఆస్తిహక్కు ఇచ్చారుగా" అంటారు. ఇచ్చారు. 1986లో మన రాష్ట్రం చేసిన సవరణ అది, దేశమంతటికీ 2005లో వచ్చింది. కానీ అది పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కూతురి వాటా. అత్తింటి ఆస్తికీ దానికీ సంబంధం లేదు. ఈ రెండూ కలిపేసుకుని, అన్నదమ్ముల దగ్గర అడగాల్సిన వాటా అడగకుండా, రాని వాటా కోసం మొగుడి మీద దావా వెయ్యమనేవాళ్ళని చాలామందిని చూశాను.

మరి ఆడపిల్లకి ఏం వస్తుంది? మొదటిది మనోవర్తి. కేసు నడుస్తున్నంతకాలం మధ్యంతర భృతి, విడాకులయ్యాక శాశ్వత భరణం. హిందూ వివాహ చట్టం కింద సంపాదన లేని భర్త కూడా దీన్ని అడగొచ్చు, ఈ ముక్క చెప్తే సభలో నవ్వుతారు గానీ నిజం. "జీతంలో పాతిక శాతం వస్తుందట" అని ఒక లెక్క ప్రచారంలో ఉంది. అలాంటి స్థిరమైన రేటు చట్టంలో లేదు. ఇద్దరి ఆదాయం, ఆస్తి, అప్పులు, కాపురం సాగిన తీరు అన్నీ చూస్తారు. 2020లో సుప్రీంకోర్టు ఒక మంచి పని చేసింది. భార్యాభర్తలిద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో రాసివ్వాలంది, మనోవర్తి కూడా పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్కగట్టాలంది. కోర్టుకి రాగానే "నాకు ఉద్యోగం పోయింది సార్" అనేవాళ్ళకి అప్పట్నుంచి కాస్త కష్టమైంది. మతంతో పని లేకుండా మనోవర్తి అడిగే దారి ఇంకొకటి, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125వ సెక్షన్. ఇప్పుడది దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144. విడాకులైన ముస్లిం మహిళకీ ఆ దారి ఉందని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు తెలంగాణ నుంచి వెళ్ళిందే.

రెండోది స్త్రీధనం. పెళ్ళిలో పెట్టిన బంగారం, పసుపుకుంకుమల కింద రాసిచ్చిన పొలం, సారె సామాను, అత్తింటివారు ముచ్చటపడి పెట్టిన నగ కూడా. అది పూర్తిగా ఆమెదే. అత్తగారి బీరువాలో ఉన్నంత మాత్రాన అత్తగారిది కాదు. 1985లోనే సుప్రీంకోర్టు తేల్చిన మాట ఇది. 2024లో తెలంగాణ నుంచి వెళ్ళిన ఇంకో కేసులో, బతికున్న కూతురి స్త్రీధనం కోసం ఆమె అనుమతి లేకుండా కన్నతండ్రి కూడా కేసు నడపలేడని చెప్పింది. "నేను పెట్టింది నాకిచ్చెయ్యండి" అని తండ్రులు పంచాయితీలో కూర్చుంటారు చూడండి, ఆ మాట చెల్లదన్నమాట.

హక్కు సరే, రుజువు చెయ్యాలి కదా. ఒకసారి ఒక తల్లి పాత డైరీ పట్టుకొచ్చింది. పేజీలకి పసుపు అంటుకుని ఉంది. నల్లపూసలు 3 కాసులు, గాజులు నాలుగు జతలు, ఇలా వరసగా రాసి, ప్రతి దాని పక్కనా కొట్టువాడిచ్చిన చీటీ గుండుసూదితో గుచ్చింది. సూదులు తుప్పుపట్టాయి. ఒకచోట "బుట్టలు - అమ్మమ్మవి, కరిగించలేదు" అని ఉంది. అవతలి వకీలు ఆ డైరీ కేసుకోసం కొత్తగా రాసిందని గంటసేపు వాదించాడు. పెళ్ళి ఆల్బంలో తలంబ్రాల ఫొటో తీసి చూపించాం. పెళ్ళికూతురి చెవికి ఆ బుట్టలే, ఒకదానికి కింది ముత్యం లేదు. డైరీలో ఆ పక్కన చిన్న అక్షరాల్లో "ముత్యం ఒకటి పోయింది" అని ఉంది. వాదన అక్కడితో ఆగింది. పెళ్ళిపనుల టెన్షన్‌లో లిస్టు రాయడం అపశకునం అనుకుంటారు మనవాళ్ళు. రాయండి, ఫొటోలు తీయించండి.

మూడోది నివాసహక్కు. 2005 గృహహింస చట్టం ప్రకారం కలిసి కాపురం చేసిన ఇంట్లోంచి ఆమెను మెడపట్టి గెంటడానికి లేదు. ఇల్లు మామగారి పేరున ఉన్నా ఆ రక్షణ వర్తించవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అది ఉండటానికి హక్కు, అమ్ముకోవడానికి కాదు.

ఇప్పుడు విడాకుల దగ్గరికి వద్దాం. మన ఊళ్ళలో మొదట జరిగేది పెద్దమనుషుల పంచాయితీ. వంద రూపాయల బాండు పేపరు మీద "ఇకపై ఒకరికొకరం సంబంధం లేదు" అని రాసి, సాక్షి సంతకాలు పెట్టించి, నోటరీ ముద్ర కొట్టించి, "అయిపోయింది, వెళ్ళి ఇంకో పెళ్ళి చేసుకో" అంటారు. అయిపోలేదు. కులాచారంగా విడాకులు ఎప్పట్నుంచో ఉన్నాయని రుజువు చేయగలిగితే హిందూ వివాహ చట్టంలోని 29వ సెక్షన్ ఆ ఆచారాన్ని కాపాడుతుంది. చాలామంది అది రుజువు చెయ్యలేరు. అప్పుడు ఆ కాగితం చిత్తుకాగితం, రెండో పెళ్ళి చెల్లదు, చేసుకున్నవాడి మీద క్రిమినల్ కేసు. రెండో పెళ్ళికూతురు ఏ పాపమూ ఎరగదు, ఆమెకి చట్టంలో భార్య స్థానం లేకుండా పోతుంది. ఆ బాండు పేపరుని గుండెలకి హత్తుకుని నా దగ్గరికి వచ్చినవాళ్ళ ముఖాలు నాకింకా గుర్తే.

కోర్టులో అయితే రెండు దారులు. ఇద్దరూ ఒప్పుకుంటే అదే చట్టంలో 13బి సెక్షన్. ఏడాది విడిగా ఉండి ఉండాలి, పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి మళ్ళీ వచ్చి అదే మాట చెప్పాలి. కలిసే ఆశ లేదని, పిల్లల సంగతి, డబ్బు సంగతి తేలిపోయాయని కోర్టుకి నమ్మకం కలిగితే ఆ ఆరు నెలలు మాఫీ చేయొచ్చని 2017 తీర్పు. ఒకరు ఒప్పుకోకపోతే క్రూరత్వమో, రెండేళ్ళుగా వదిలేసి వెళ్ళడమో, ఇంకో కారణమో రుజువు చెయ్యాలి. అప్పుడు వాయిదాలే వాయిదాలు. "మా ఇద్దరికీ పడట్లేదు" అన్నది చట్టంలో కారణం కాదు. కాపురం బాగుపడనంతగా విరిగిపోయిందని విడాకులిచ్చే అధికారం తనకుందని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది, అది సుప్రీంకోర్టుకే ఉంది, మీ జిల్లా కోర్టుకి లేదు. క్రైస్తవులకి 1869 నాటి చట్టం, మతం చూడని పెళ్ళిళ్ళకి 1954 ప్రత్యేక వివాహ చట్టం. అమెరికా అల్లుళ్ళున్నవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. తిరుపతిలో పెళ్ళి చేసుకుని అమెరికాలో మిస్సోరీ కోర్టు నుంచి విడాకులు తెచ్చుకున్న ఒకాయన కేసు 1991లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ డిక్రీ ఇక్కడ చెల్లదన్నారు.

పిల్లల విషయం చివరికి ఉంచాను. హిందూ మైనర్ల సంరక్షణకి వచ్చిన 1956 చట్టంలో తండ్రి సహజ సంరక్షకుడు, "ఆయన తర్వాత" తల్లి అని ఉంది. రచయిత్రి గీతా హరిహరన్ ఈ రాతను సవాలు చేశారు. తండ్రి పోయాకే అని అర్థం కాదు, ఆయన పట్టించుకోకపోయినా తల్లి సంరక్షకురాలేనని 1999లో సుప్రీంకోర్టు తేల్చింది. ఐదేళ్ళలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. దీన్ని తిరగేసి "ఐదు నిండగానే తండ్రికి ఇచ్చెయ్యాలి" అని లెక్కవేసుకుని పుట్టినరోజు మర్నాడే కేసు వేసిన తండ్రి ఒకాయన ఉన్నాడు. అలా ఏం లేదు. కోర్టు చూసేది బిడ్డ క్షేమం ఒక్కటే, ఎవరి జీతం ఎక్కువన్నది దాంట్లో చిన్న ముక్క. కస్టడీ ఆర్డరు శాశ్వతం కూడా కాదు, పరిస్థితి మారితే మళ్ళీ అడగొచ్చు. విడాకులతో భార్య వారసత్వం పోతుంది గానీ బిడ్డది పోదు. తల్లి దగ్గర పెరిగినా తండ్రి ఆస్తికి వారసుడే.

కస్టడీ వచ్చినవాళ్ళు గెలిచినట్టు స్వీట్లు పంచుతుంటే చూడలేను. మా కోర్టులో శనివారం సాయంత్రాలు పిల్లల్ని చూపించే గది ఒకటుంది. రెండు గంటలు టైము. ఒక తండ్రి ప్రతిసారీ కొత్త బొమ్మ తెస్తాడు. పిల్లవాడు దాంతో ఆడుతూనే పది నిమిషాలకోసారి కిటికీలోంచి వేపచెట్టు కింద కూర్చున్న అమ్మ ఉందో లేదో చూసుకుంటాడు. వెళ్ళేటప్పుడు బొమ్మ తండ్రికే ఇచ్చేస్తాడు. ఇంటికి తీసుకెళ్తే అమ్మ ముఖం ఎలా పెడుతుందో వాడికి తెలుసు.

విడాకులు, డబ్బు, బిడ్డ చట్టం దృష్టిలో మూడు వేరు ప్రశ్నలు. పంచాయితీలో మాత్రం మూడూ ఒకే మూట కడతారు. "బంగారం వదిలేస్తాం, పిల్లని మాకిచ్చెయ్యండి." "పిల్లాడి ఖర్చు అడగం, సంతకం పెట్టండి." బిడ్డ పోషణ బిడ్డ హక్కు, తల్లి వదులుకుంటానని రాసిచ్చినా కోర్టు ఒప్పుకోనక్కర్లేదు. నా క్లయింట్లు సెటిల్‌మెంట్ కాగితం తెస్తే నేను మొదట డబ్బు పేజీ చూడను. వేసవి సెలవుల్లో ఎక్కడుంటాడు, జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేస్తారు, స్కూలు మీటింగుకి ఎవరెళ్తారు, ఇవి రాశారా అని చూస్తాను. తొంభై లక్షల లెక్క పైసలతో సహా రాసుకుని, బిడ్డ గురించి "పరస్పర అంగీకారంతో" అని ఒక్క ముక్క పడేసిన కాగితాలే ఎక్కువ. వాటిని తిప్పి పంపిస్తాను.

ఆడవాళ్ళకి, పిల్లలకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు. నేను మాట్లాడాల్సింది మాట్లాడాను. ఇక ప్రశ్నలు అడగండి. పేర్లు చెప్పక్కర్లేదు, తోటికోడలి చెల్లెలి కూతురనే అనుకుంటాను.