పదహారణాల గంట, ఏడు క్విడ్

హాయ్ అండీ, నమస్తే. ఆదివారం పొద్దున ఆరున్నర. వెనకాల గాలి హోరు వినబడుతోంది కదా, సారీ, మైకు తొడుగు ఇంట్లోనే మర్చిపోయా. మేముండేది ఇంగ్లండ్‌లో రెడ్డింగ్. రాసేదేమో 'రీడింగ్', పలికేది రెడ్డింగ్. ఈ భాషతో మన తంటా ఊరి పేరు దగ్గరే మొదలవుతుంది.

ఇవాళ అమ్మని కార్ బూట్ సేల్‌కి తీసుకొచ్చా. బూట్లు అమ్మే చోటు కాదండోయ్. కారు డిక్కీని ఇక్కడ బూట్ అంటారు. ఇంట్లో అక్కర్లేనివన్నీ డిక్కీలో వేసుకొచ్చి, పొలంలో వరసగా కార్లు ఆపి, మడత బల్లల మీద పరిచి అమ్మేస్తారు. మన సంతే అనుకోండి. లోపలికి రావడానికి మనిషికి ఒక పౌండు. "పాత సామాను చూడ్డానిక్కూడా డబ్బులా?" అని అమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది.

డబ్బుల ఇంగ్లిష్ మీద వీడియో చెయ్యమని చాలామంది అడుగుతున్నారు. దానికి ఇంతకంటే మంచి క్లాస్‌రూమ్ లేదు. మనకు పుస్తకాల్లో చెప్పేది 'కాస్ట్స్ ఎన్ ఆర్మ్ అండ్ ఎ లెగ్'. చెయ్యీ కాలూ ఇచ్చుకోవాల్సినంత ఖరీదు అని. వాడతారు, కాదనను. కానీ బేరమాడేటప్పుడు ఎవరూ ఆ మాట అనరు. బాయిలర్ రిపేరు బిల్లు కట్టి, ఇంటికొచ్చి స్నేహితుల దగ్గర ఏడ్చేటప్పుడు అంటారు. 'కాస్ట్ ఎ బాంబ్' కూడా అంతే. చవగ్గా దొరికితే 'చీప్ యాజ్ చిప్స్'. మరీ దోచేస్తే 'డేలైట్ రాబరీ', అచ్చం మన పట్టపగలు దోపిడీ. దీనికో కథ కూడా చెబుతారు. 1696 నుంచి 1851 దాకా ఇక్కడ ఇళ్ల కిటికీల మీద పన్ను ఉండేది. అది కట్టలేక జనం కిటికీలకు ఇటుకలు పెట్టేశారు, అలా వెలుతురుని దోచుకున్నారు కాబట్టి ఆ మాట వచ్చిందట. ఇటుకలతో మూసేసిన కిటికీలు పాత వీధుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి, అది నిజం. కానీ ఆ పన్ను పోయిన చాలా కాలానికి గానీ ఈ మాట అచ్చులో కనబడదు. కథ బాగుంది కదా అని నమ్మేస్తే కష్టం.

సరే, అమ్మ ఇక్కడ ఆగింది చూడండి. ఇత్తడి గంట. చెక్క పిడి, చేతులు పడీ పడీ నున్నగా అయిపోయింది. ఇది వీళ్ల బళ్లో కొట్టే గంట. అమ్మ కళ్లకి మాత్రం పూజ గంటే. రేటు అడిగితే ఫ్లాస్కులోంచి టీ వంచుకుంటూ పెద్దాయన "టెన్నర్, లవ్" అన్నాడు. టెన్నర్ అంటే పది పౌండ్లు, ఫైవర్ అంటే అయిదు. ఆ 'లవ్' మన బజార్లో 'అమ్మా' అన్నట్టే, కంగారు పడకండి.

ఇక్కడ ఒక్క నిమిషం. మనం "ఆరుకిస్తావా" అని మనసులో అనుకుని "గివ్ మీ ఫర్ సిక్స్" అనేస్తాం. వీళ్ల చెవికి అది దబాయింపులా వినిపిస్తుంది. "వుడ్ యూ టేక్ సిక్స్?" అని అడగాలి. ఆరు పుచ్చుకుంటారా అని. నేను అలాగే అడిగా.

"కాల్ ఇట్ ఎయిట్."

ఎనిమిది చేసుకుందాం అని. నేను ఏడన్నా. ఆయన గంట వంకా అమ్మ వంకా చూసి, "గో ఆన్ దెన్" అన్నాడు. అంతే, అమ్మ నా చెయ్యి పట్టి లాగేసింది. "పొమ్మంటున్నాడే! పద, పొద్దున్నే ఆయనతో మాటలు పడ్డం మనకెందుకు?" నవ్వాపుకోలేక కెమెరా ఎటో తిప్పేశా, ఆ షాట్లో మీకు గడ్డే కనిపిస్తుంది. గో ఆన్ దెన్ అంటే 'సరేలే, కానీ' అని. బేరం కుదిరినట్టు!

డబ్బులిస్తుంటే అమ్మకి పక్కనే బిస్కెట్ డబ్బాలో పాత నాణేలు కనిపించాయి. పెద్ద గోధుమరంగు పెన్నీలు. 1971 ఫిబ్రవరి 15 దాకా వీళ్లకి పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు, అంటే పౌండుకి 240. నేను లెక్క చెబుతుంటే అమ్మ అడ్డొచ్చి, "మాకు రూపాయికి పదహారణాలు, అణాకి నాలుగు కాణీలు" అంది. మన దగ్గర నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. అణా పోయి ఇన్నేళ్లయినా మనకి పదహారణాల తెలుగమ్మాయి ఉంది, పావలా కోడికి ముప్పావలా మసాలా ఉంది. ఇక్కడా అంతే. షిల్లింగుని బాబ్ అనేవాళ్లు. అది పోయినా 'వర్త్ ఎ ఫ్యూ బాబ్' అంటే బాగానే ధర పలుకుతుందని.

పెన్నీ అంటే గుర్తొచ్చింది. నేను వచ్చిన కొత్తలో ఆఫీసులో ఒక పెద్దావిడ లేస్తూ, "జస్ట్ గోయింగ్ టు స్పెండ్ ఎ పెన్నీ" అంది. పాపం, చిల్లర లేదేమో అని పర్సు తీసి చిల్లరంతా ఆమె చేతిలో పోశా. నా మొహం చూసి ఆవిడ బల్ల పట్టుకుని నవ్వింది. బాత్రూమ్‌కి వెళ్తున్నానని దాని అర్థం! ఒకప్పుడు పబ్లిక్ టాయిలెట్ తలుపు తెరుచుకోవాలంటే పెన్నీ వెయ్యాలి. 1851లో హైడ్ పార్క్‌లో జరిగిన గ్రేట్ ఎగ్జిబిషన్‌లో జార్జ్ జెన్నింగ్స్ పెట్టిన మరుగుదొడ్లకి కూడా ఒక పెన్నీయే రుసుము. ఇప్పుడీ మాట పెద్దవాళ్లే అంటారు. మీ టీమ్ మీటింగులో ప్రయోగించకండి, ప్లీజ్.

ఇంకొకటి చెప్పి ముగిస్తా. లండన్ యాసలో 500 పౌండ్లని 'మంకీ' అంటారు. మన దేశంలో పనిచేసి వెళ్లిన బ్రిటిష్ సిపాయిలు, 500 రూపాయల నోటు మీద కోతి బొమ్మ చూసి ఆ పేరు పెట్టారని చెబుతారు. అలాంటి నోటు ఉందనడానికి ఆధారమే లేదు. అమ్మకి చెబితే, "నోటు మీద కోతి ఎందుకుంటుందే" అని నన్నే కసిరింది.

అన్నట్టు పౌండుకి వాడుక పేరు క్విడ్. ఎన్నయినా క్విడ్డే, క్విడ్స్ అనకూడదు. ఒక క్విడ్, ఏడు క్విడ్. మన పిల్లలు ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు కాబట్టి సరిగ్గా అంటారు, నాకు నాలుగేళ్లు పట్టింది.

ఇదిగో, కారెక్కాం. గంట అమ్మ ఒళ్లో ఉంది, గతుకు వచ్చినప్పుడల్లా మోగుతోంది. తెనాలిలో పిన్నికి ఫోన్ చేసింది, స్పీకర్లో వినండి:

"పదహారణాల ఇత్తడే! ఏడు క్విడ్. మంచాయన, పొమ్మని మరీ ఇచ్చాడు."