ఒక్క మిల్లీమీటరు కోసిన తూటా: ఇండియానా గరాజ్ నుంచి

నమస్తే అండి, అందరూ బాగున్నారా? ఈరోజు వీడియో మా పక్కింటి పెద్దాయన గరాజ్ నుంచి చేస్తున్నాను. మేముండే కొలంబస్, ఇండియానా ఇంజన్ల ఊరు. అందుకే మన తెలుగు ఇంజనీర్లు ఇక్కడ బాగానే కనిపిస్తారు. నేను ఒక ప్లాంటులో క్వాలిటీ విభాగంలో చేస్తాను, రోజంతా క్యాలిపర్, అంటే సన్న తేడాలు కొలిచే పరికరం, చేతిలోనే ఉంటుంది. పెద్దాయన టూల్ అండ్ డై మేకర్‌గా, అంటే ఫ్యాక్టరీలకు పనిముట్లూ అచ్చులూ చేసే పనిలో, రిటైరయ్యారు. కొలతల దగ్గరే మాకు మాటలు కలిశాయి.

ఇదిగో, బెంచి మీద రెండు ఇత్తడి కేస్‌లు చూడండి. కేస్ అంటే తూటాలో పేలుడు మందు పట్టే గొట్టం. ముందు నుంచి దూసుకుపోయేది బుల్లెట్. మొదటి కేస్‌కి క్యాలిపర్ పెడుతున్నా, 1.67 అంగుళాలు. రెండోది 1.62. తేడా ఒక మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆ కాస్త తేడాతోనే మొదటిది 2007లో ఇక్కడ వచ్చిన రూల్ ప్రకారం జింకల వేటకు పనికిరాదు, రెండోది పనికొస్తుంది.

ఇండియానాలో జింకల వేటకు చాలా ఏళ్లు మామూలు రైఫిల్ తూటాలు వాడనిచ్చేవాళ్లు కాదు. చదునైన మొక్కజొన్న పొలాలు, మధ్యలో ఇళ్లు. గురి తప్పిన గుండు ఎంత దూరం పోతుందోనని భయం. అందుకే షాట్‌గన్, మజిల్‌లోడర్ (మూతి వైపు నుంచి మందు నింపే పాతకాలపు తుపాకీ), పిస్టల్ లాంటివే అనుమతించారు. 2007లో మొదటిసారి పిస్టల్ తూటాలు కాల్చే రైఫిళ్లకు తలుపు తీశారు. తూటా పేర్లు జాబితాగా రాయకుండా కొలతలు రాశారు: బుల్లెట్ వ్యాసం కనీసం 0.357 అంగుళాలు, కేస్ పొడవు 1.16కి తగ్గకూడదు, 1.625 దాటకూడదు.

మా పెద్దాయన లాంటి పనిమంతులకు ఇది డ్రాయింగ్ చేతిలో పెట్టినట్టే. వించెస్టర్ కంపెనీ అప్పటికే డబ్ల్యూఎస్ఎస్ఎం అనే పొట్టి, లావు కేస్‌లు తెచ్చింది. పొడవు 1.67. పొట్టిదే కానీ లావు వల్ల మందు బాగా పడుతుంది. దాన్ని 1.625 లోపుకి కోసి, మూతిని 0.25 సైజు నుంచి 0.358కి వెడల్పు చేస్తే? రూల్ పుస్తకంలో ప్రతి అంకెకూ సరిపోతుంది, దెబ్బ మాత్రం పెద్ద రైఫిల్‌ది. ఇలా ఫ్యాక్టరీ ప్రమాణాల్లో లేని, సొంతంగా తయారు చేసుకున్న తూటాని ఇక్కడ వైల్డ్‌క్యాట్ అంటారు. ఇండియానా వేటగాళ్లు చేసుకున్న వాటిలో ఒకదాని పేరే 358 హూసియర్. హూసియర్ అంటే ఇండియానా వాళ్లకి ఉన్న పేరు.

దీన్ని తూటా చేసి వదిలేస్తే సరిపోదు, దాన్ని కాల్చే బ్యారెల్ కూడా ఉండాలి. బయట షాపులో దొరకదు. కొత్త కొలతలకు రీమర్ చేయించి, బ్యారెల్‌లో తూటా కూర్చునే గదిని దానితో తొలిపించాలి. కేస్ మూతి వెడల్పు చేయడానికి వేరే డై, అంటే అచ్చు. అది బెంచికి బిగించిన ప్రెస్‌లోకి వెళ్తుంది. ఆయన హ్యాండిల్ లాగుతుంటే చూడండి, తొందర అన్నదే లేదు. ఇత్తడి మూతి చీలితే ఆ కేస్ చెత్తబుట్టలోకే.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. కాల్చిన ప్రతిసారీ ఇత్తడి కొంచెం సాగుతుంది. 1.625 పైహద్దు కదా అని సరిగ్గా 1.625కి కోస్తే, ఒకసారి కాల్చాక అదే కేస్ హద్దు దాటిపోవచ్చు. అందుకే ఆయన 1.62కే కోస్తారు, మళ్లీ నింపే ముందు ప్రతి కేసూ కొలుస్తారు. ప్లాంటులో టాలరెన్స్, అంటే కొలతలో ఎంత తేడా ఉండొచ్చు అన్నదాని గురించి నేను రోజూ చెప్పే మాటే ఇది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, తప్పకుండా చెప్పాలి. కేస్ అడుగున చూడండి, ఇంకా పాత పేరే ఉంది, 25 డబ్ల్యూఎస్ఎస్ఎం అని. లోపలున్నది వేరే తూటా. పైగా ఎంత మందు పోస్తే భద్రమో చెప్పే ఫ్యాక్టరీ ప్రమాణం దీనికి లేదు. అందుకే ఆయన పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసి, తాళం వేసి పెడతారు. ఇంకొకరు చేసిన వైల్డ్‌క్యాట్ తూటాని వేరే ఎవరూ కాల్చకూడదని ఆయన గట్టి మాట.

ఇంతకీ పొడవు కొలిస్తే భద్రత వచ్చేసినట్టేనా? నాకైతే అనిపించలేదు. 45-70 అని 1873 నాటి పాత సైన్యం తూటా ఉంది. బరువైన, నెమ్మదైన గుండు. పొడవు 2.1 అంగుళాలు కాబట్టి 2007 రూల్‌లో పనికొచ్చేది కాదు. దానికంటే ఎంతో వేగంగా పోయే ఈ పొట్టి వైల్డ్‌క్యాట్ మాత్రం పనికొచ్చేది. 2007లోనే పెన్సిల్వేనియా చట్టసభ చేయించిన అధ్యయనం ఒకటి వచ్చింది. తుపాకీ పైకెత్తి కాల్చినప్పుడు రైఫిల్ గుండే ఎక్కువ దూరం పోతుంది, సరే. కానీ నేలకు సమాంతరంగా కాల్చినప్పుడు షాట్‌గన్ స్లగ్, అంటే షాట్‌గన్‌లో వాడే ఒంటి పెద్ద గుండు, నేలను తాకి ఎగిరి, మొత్తం మీద ఇంకా దూరం పోగలదని తేలింది. మరోవైపు, అడవిలో అధికారి మందు బలం కొలవలేడు, పొడవు కొలవగలడు. ఆ సౌలభ్యం కోసమే ఈ అంకెలు నిలిచాయని నా అభిప్రాయం.

తర్వాత హద్దు 1.8కి పెరిగింది. 2016లో ప్రైవేటు భూముల్లో 243, 30-30, 308, 30-06 లాంటి మామూలు రైఫిల్ తూటాలకే చట్టం దారి ఇచ్చింది. దక్షిణ మిషిగన్ కూడా 1.16 నుంచి 1.8 అన్న కొలతనే పెట్టుకోవడంతో కంపెనీలే రంగంలోకి దిగాయి. 2019లో వించెస్టర్ 350 లెజెండ్ తెచ్చింది, కేస్ పొడవు 1.71. 2023లో రెమింగ్టన్ 360 బక్‌హ్యామర్ తెచ్చింది, సరిగ్గా 1.8! గరాజ్‌లో రంపంతో కోసిన పనిని ఫ్యాక్టరీ అందుకుందన్నమాట. రూల్స్ మారుతుంటాయి కాబట్టి వేటకు వెళ్లేవాళ్లు ఆ ఏడాది డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) పుస్తకం చూసుకోవాల్సిందే.

జింకని చంపడమేంటని కామెంట్లలో అడుగుతారని తెలుసు. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, 1972 చట్టం కింద దాన్ని వేటాడితే జైలే. ఇక్కడి తెల్లతోక జింకల సంగతి వేరు. వాటి సంఖ్యను అదుపులో ఉంచడానికి రాష్ట్రమే లైసెన్సులిచ్చి సీజన్ పెడుతుంది. తుపాకీ సీజన్ నవంబర్ 11 తర్వాతి శనివారం మొదలై 16 రోజులు ఉంటుంది. ఆరెంజ్ రంగు జాకెట్టో టోపీయో తప్పనిసరి. జింకని కొట్టిన 48 గంటల్లో రిపోర్ట్ చేయాలి. ఆ రోజుల్లో మీరు అడవి దారుల్లో వాకింగ్‌కి వెళ్తే మీరూ ఆరెంజ్ వేసుకోండి, పిల్లలకూ వేయండి.

చివరగా హెచ్1బీ, ఎఫ్1, ఎల్1 మీద ఉన్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ. నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ అమ్యూనిషన్ గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. అమ్యూనిషన్ అంటే నింపిన తూటా ఒక్కటే కాదు, చట్టం ఖాళీ కేస్‌ని, బుల్లెట్‌ని, ప్రైమర్‌ని (మందుని అంటించే చిన్న మూత), మందుని కూడా అందులోనే కలిపింది. నాకు గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి ఈ కేస్ పట్టుకుని చూపిస్తున్నాను. మీకు ఎవరైనా స్నేహంగా జ్ఞాపికగా ఒకటి ఇచ్చినా, ముందు మీ వీసా ఏంటో చూసుకుని, అనుమానం ఉంటే లాయర్‌ని అడిగాకే తీసుకోండి.