మరి ఎవరు చంపినట్టు?

శ్రోతలకు నమస్కారం.

వినాయక చవితి రోజు కథ చదువుకుని అక్షింతలు నెత్తిన వేసుకుంటాం కదా. చిన్నప్పటి నుంచీ వింటున్న కథే. సెషన్స్ కోర్టులో స్టెనోగా చేరిన కొన్నాళ్లకి ఓ చవితి రోజు మా నాన్న పీట మీద కూర్చుని శమంతకోపాఖ్యానం చదువుతుంటే, నాకు ఒక్కసారి తట్టింది. ఇది అచ్చంగా హత్య కేసు!

మణి మెళ్లో వేసుకుని వేటకెళ్లిన ప్రసేనుడు ఇంటికి రాలేదు. శవం దొరకలేదు. చూసినవాడు లేడు. ఉన్నదల్లా ఒకటే, అంతకుముందు కృష్ణుడు ఆ మణి అడిగాడు, ప్రసేనుడి అన్న సత్రాజిత్తు ఇవ్వనన్నాడు. పోలీసు భాషలో దీన్ని మోటివ్ అంటారు. సంస్కృత భాగవతంలో సత్రాజిత్తు నోట వచ్చే మొదటి మాట 'ప్రాయః'. అంటే బహుశా. బహుశా మా తమ్ముణ్ణి కృష్ణుడే చంపి ఉంటాడు అన్నాడాయన. ఆ మాట విన్న జనం 'కర్ణే కర్ణే', చెవిలో చెవిలో చెప్పుకున్నారట. నాలుగు చెవులు దాటేసరికి ఆ 'బహుశా' ఎక్కడో రాలిపోయి ఉంటుంది.

తర్వాత కృష్ణుడు ఏం చేశాడు? ఊరి పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని అడవికి పోయాడు. మా కోర్టుల్లో వీళ్లని మధ్యవర్తులంటారు, పంచనామా మీద సంతకాలు చేసేవాళ్లు. ప్రసేనుడి శవం చూపించాడు, సింహం అడుగులు చూపించాడు, ఆ సింహాన్ని చంపిన ఎలుగు జాడ పట్టుకుని గుహలో దూరాడు, జాంబవంతుడితో ఇరవై ఎనిమిది రోజులు కుస్తీ పట్టి మణి తెచ్చాడు. అప్పుడు గానీ నీలాపనింద పోలేదు.

కృష్ణుడు కాబట్టి సరిపోయింది. ఆ మధ్యలో ఓ పెద్ద వాన కురిసి సింహం అడుగులు చెరిగిపోయి ఉంటే? నింద అలాగే ఉండేది. చంపనివాడు తను చంపలేదని చూపించుకోవడమే కాదు, చంపిందెవరో కూడా తనే పట్టుకొచ్చి అప్పజెప్పాల్సి వచ్చింది. సబ్ జైల్లో ఉన్నవాడు ఏ అడవికి పోయి ఏ సింహాన్ని వెతుకుతాడు?

అందుకే మన చట్టం ఆ బరువు అతని నెత్తిన పెట్టలేదు. నేరం చేశాడని చెప్పేవాడే రుజువు చెయ్యాలి, అదీ సహేతుకమైన అనుమానానికి తావులేకుండా. 1872 నాటి సాక్ష్యాధికార చట్టంలో ఉన్న ఈ ఏర్పాటు, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ ఉంది. పోలీసుల ముందు 'నేనే చేశాను' అని ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. 'నేరం అంగీకరించిన నిందితుడు' అని మర్నాడు పేపర్లో చదివి మనం తేల్చేసుకుంటాం గానీ, ఆ అంగీకారానికి జడ్జి ముందు విలువ సున్నా. అతను చెప్పినదాన్ని బట్టి కత్తో నగో దొరికితే, అది దొరకడానికి కారణమైన మాట మేరకే సాక్ష్యం.

కోర్టులో నిందితుణ్ణి పిలిచే ఈ 'ముద్దాయి' అన్న మాట కూడా చిత్రమైంది. ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదుదారు. తెలుగులోకి వచ్చేసరికి ఫిర్యాదు ఎవరి మీదో అతనే ముద్దాయి అయి కూర్చున్నాడు. ఎలా తిరగబడిందో తెలీదు గానీ, నేను మాత్రం ఉద్యోగం చేసినన్నాళ్లూ అలాగే టైపు చేశాను.

ఒక కేసు చెబుతాను. ఊరు, పేర్లు వద్దు. ఒంటరిగా ఉండే ఓ ముసలమ్మ హత్య. మెడలో నాంతాడు పోయింది. ముందురోజు సాయంత్రం ఆమె అరుగు మీద కూర్చుని మాట్లాడిన కూలి మనిషిని పట్టుకున్నారు. వాయిదాకి వచ్చినప్పుడల్లా అతను హాలు బయట చెప్పులు విడిచి లోపలికొచ్చేవాడు. కుడి చెప్పు పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకున్నాడు. చెప్పులు విడిచేంత భయభక్తులున్నవాడు హత్య చేస్తాడా అని మా అటెండరు అంటే, నటన అన్నాను నేను. తల వంచుకుని నిలబడితే తప్పు చేసినవాడి వాలకం అనిపించేది. తలెత్తితే పొగరనిపించేది. మనసులో ముందే తీర్పు రాసుకున్నవాడికి ఎటు చూసినా సాక్ష్యమే.

వస్తువు ముద్దాయి ఇంట్లో దొరికిందని చెప్పాల్సిన రికవరీ సాక్షిగా వచ్చిన మధ్యవర్తి, క్రాస్‌లో, అంటే ముద్దాయి తరఫు వకీలు అడిగేటప్పుడు, మూడో ప్రశ్నకే, తను ముద్దాయి ఇంటికి వెళ్లనే లేదని, స్టేషన్‌లో రాసి ఉంచిన కాగితం మీద సంతకం పెట్టానని చెప్పేశాడు. సర్కారు తరఫున వాదించే పీపీగారు ఫైలు మూసి కిటికీలోంచి బయటికి చూశారు. సాక్షులయ్యాక జడ్జిగారు ముద్దాయిని వరసగా అడిగారు. ఫలానా సాక్షి ఇలా చెప్పాడు, ఏమంటావు? 'అబద్ధం'. ఫలానా వస్తువు నీ ఇంట్లో దొరికిందన్నారు, ఏమంటావు? 'అబద్ధమండి'. ముప్పై ప్రశ్నలకి ముప్పై సార్లు ఆ ఒక్క మాట టైపు చేసి నాకు విసుగొచ్చింది. నిజంగా ఏమీ చెయ్యనివాడు అంతకన్నా ఏం చెప్పగలడన్న ఆలోచన అప్పుడు రాలేదు.

కేసు కొట్టేశారు. డిక్టేషన్ తీసుకుంటుంటేనే నా మొహం మాడిందేమో, మర్నాడు ఛాంబర్లో టీ తాగుతూ జడ్జిగారే కదిపారు. 'ఏమయ్యా, నీకు నచ్చినట్టు లేదు.'

'మరి ఎవరు చంపినట్టు సార్?' అన్నాను.

'అది నా ముందున్న ప్రశ్న కాదు. వీడు చంపాడని వాళ్లు చూపించారా లేదా, అదొక్కటే నాది' అన్నారాయన. అంటూనే బిస్కెట్ టీలో ముంచారు, అది విరిగి గ్లాసులో పడింది. ఆ మాట కన్నా ఆ బిస్కెట్టే నాకు ఎక్కువ గుర్తు, ఏం చేస్తాం.

కానీ అసలు చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉంది. జవాబు లేకుండా ఉండటం మనవల్ల కాదు. శవం ఉంది, చంపినవాడి జాగా ఖాళీగా ఉంది. ఆ ఖాళీ మనకి టెన్షన్. ఎవరో ఒకరు అందులో కూర్చుంటే ఊపిరి పీల్చుకుంటాం.

విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో 2007 డిసెంబర్ చివర్లో ఓ లేడీస్ హాస్టల్లో ఫార్మసీ చదువుతున్న అమ్మాయి హత్య జరిగింది. రాష్ట్రమంతా అట్టుడికింది. నెలలు గడిచాక, 2008 ఆగస్టులో, నందిగామ వైపు నుంచి ఓ పేద కుర్రాణ్ణి తెచ్చి ఇతనే అన్నారు. ఖాళీ జాగా నిండింది. అయితే నమ్మనివాళ్లలో మొదట నిలబడింది ఎవరు? చనిపోయిన అమ్మాయి తల్లి. ఇతను కాదు అని ఆవిడే బహిరంగంగా చెబుతూ వచ్చింది. అయినా 2010లో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు ఆ శిక్ష రద్దు చేసి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. ఎనిమిదేళ్లకి పైగా జైలు, లక్ష రూపాయలు. లెక్క మీరే వేసుకోండి. 2018లో కేసు సీబీఐ చేతికెళ్లింది. ఈలోగా విజయవాడ కోర్టులో ఉండాల్సిన కేసు వస్తువులు ధ్వంసమైపోయాయని తేలింది. 2019 డిసెంబర్‌లో తెనాలిలో సమాధి తవ్వి, పన్నెండేళ్ల తర్వాత మళ్లీ పోస్టుమార్టం చేశారు. కృష్ణుడి కథలో కురవని వాన ఇక్కడ కురిసింది. అడుగులు చెరిగిపోయాక బయల్దేరారు సింహాన్ని వెతకడానికి.

నిందితుణ్ణి అనుమానించకపోవడం చనిపోయినవాళ్లకి ద్రోహం అనేవాళ్లకి నేను ఆ తల్లినే చూపిస్తాను.

కింది కోర్టులే పొరబడతాయని కాదు. మహారాష్ట్రలో జాల్నా జిల్లా, 2003లో ఓ కుటుంబం మీద దాడి, హత్యలు, అత్యాచారం. సంచార జాతికి చెందిన ఆరుగురికి 2009లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి మరణశిక్ష ఖాయమైంది. 2019లో అదే సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులని వదిలేసి, తలా ఐదు లక్షలు ఇమ్మంది. కారణం వింటే ఒళ్లు జలదరిస్తుంది. ప్రాణాలతో బయటపడ్డ సాక్షి మొదట్లోనే పోలీసుల ఆల్బమ్‌లో వేరే నలుగుర్ని గుర్తుపట్టింది. ఆ నలుగురి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఉరితాళ్లు సిద్ధమయ్యాక తెలిసిన నిజం ఇది. ఉరి తీసేసి ఉంటే?

ఒక మాట ఒప్పుకోవాలి. రుజువు భారం ఎప్పుడూ పూర్తిగా ఒకవైపే ఉండదు. రాత్రి గడియ వేసుకున్న ఇంట్లో భార్యాభర్తలే ఉండి, తెల్లారేసరికి భార్య చనిపోతే, ఏం జరిగిందో భర్త చెప్పాల్సిందే. పెళ్లయిన ఏడేళ్ల లోపు కట్నం వేధింపులతో చావు సంభవిస్తే చట్టమే అతని మీద అనుమానం పెడుతుంది. అయినా వేధింపులు జరిగాయని ముందు ప్రాసిక్యూషన్ చూపించాకే.

'చేసి ఉండొచ్చు'కీ 'చేసి తీరాడు'కీ మధ్య చాలా దూరం ఉందని 1973లో సుప్రీంకోర్టు అంది. భాగవతంలో సత్రాజిత్తు నిలబడింది ఆ మొదటి చోటే. నేను నిలబడిందీ అక్కడే.

ఆ పిన్నీసు చెప్పుల మనిషిని తీర్పు వచ్చిన రెండేళ్లకి బస్టాండులో చూశాను. గోనెసంచి పక్కన పెట్టుకుని బల్ల చివర కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు, స్టెనో మొహం ఎవరికి గుర్తుంటుంది? టీ కొట్టతను నాకు గ్లాసు అందిస్తూ గడ్డంతో అటు చూపించి, 'ముసలమ్మని చంపాడే, ఆడే. డౌట్ మీద వదిలేశారు' అన్నాడు.

ఆ తీర్పు టైపు చేసింది నేను. పదకొండు పేజీలు. టీ తాగి, డబ్బులిచ్చి, బస్సెక్కాను.